దగ్గు వచ్చాక చూద్దాం

లాండ్రీ ఆఫీసు గది,
ఫిబ్రవరి చివరి వారం

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేస్తే "ఊఁ", "ఊఁ" అని రెండుసార్లు మూలిగి "పనిలో ఉన్నానక్కా" అంటావు. అందుకే ఈ కాగితం. దీనికి ఊఁ కొట్టి తప్పించుకోలేవు, నాలుగు ముక్కలు రాయాల్సిందే.

ముందు నా గోల విను. ఆసుపత్రిలో కొత్త వార్డు తెరిచారు. అంటే రోజుకి ఇంకో మూడు వందల దుప్పట్లు నా నెత్తిన పడ్డాయి. ఈ పదహారేళ్ళలో నేను చూడని మురికి లేదనుకున్నాను. నిన్న ఒక మూటలో ఎవరిదో పళ్ళసెట్టు వచ్చింది, నవ్వుతూ. ఇంకో మూటలో సగం కొరికిన కోడికాలు. మిగతావి రాయను, నీకు తిండి సహించదు. మనిషన్నవాడు పడుకున్నచోట ఇన్ని రకాలుగా అసహ్యంగా ఉండగలడని ఈ ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. చేతులు మూడుసార్లు కడుక్కునే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, భయపడకు.

ఇక అసలు సంగతి. మేనేజరుకి గుండెజబ్బట. మా కుక్కకి లాండ్రీ వాళ్ళు ఆ పేరు పెట్టి పదేళ్ళయినా నాకు నవ్వు ఆగదు. ఒక్క పనీ చేయడు, అందరి పనీ చూస్తూ పడుకుంటాడు. ఏడు కిలోల ప్రాణానికి ఎంత హోదా!

టీకా వేయించడానికి తీసుకెళ్తే, కొత్తగా వచ్చిన కుక్కల డాక్టరమ్మ గొట్టం వాడి ఛాతీ మీద పెట్టి ఎంతకీ తీయదు. గుండెలో శబ్దం వస్తోందంది. ఎక్స్‌రే తీసింది, స్కాన్ తీసింది. గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోవట్లేదట. ముందుకు పోవాల్సిన రక్తం కొంత వెనక్కి చిమ్ముతోందట. దాన్ని పట్టుకోలేక గుండె సాగి పెద్దదయిందట. "ఇవాళే మాత్ర మొదలుపెట్టాలండీ. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండికి గంట ముందు. ఇక బతికున్నన్నాళ్ళూ" అంది.

వాడు నిక్షేపంగా ఉన్నాడురా. నిన్న కూడా దుప్పట్ల బండి వెనక అరుచుకుంటూ వరండా చివరిదాకా పరిగెత్తాడు. "దగ్గు లేదు, ఆయాసం లేదు, మందెందుకమ్మా?" అన్నాను. "అవి రాకుండా ఆపడానికేనండీ. గుండె పెరగకపోయి ఉంటే నేనూ మందు వద్దనేదాన్ని, ఆరు నెలలకోసారి చూసుకుంటే చాలనేదాన్ని" అంది. నాకు అర్థమైనట్టే ఉంది, కానట్టే ఉంది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నేను మాత్రం పెరటి చెట్టునే నమ్ముకున్నాను. ఇంట్లో పశువుల డాక్టరుండగా, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మాట మీద వాడికి జీవితాంతం మందు మింగించనా? నువ్వు ఏం చెబితే అదే చేస్తాను.

కాస్త ఆలోచించి చెప్పు. మీ బావకి పక్షవాతం వచ్చి రెండేళ్ళయింది. చెయ్యి కొంచెం తిరిగింది, కాలు కొంచెం తిరిగింది, మాట తిరగలేదు. నాతో తల ఊపుతారు. మేనేజరుతోనే ఏదో ఒకటి కూడబలుక్కుని అంటారు. "దా", "పద", "వద్దు". మాటలు నేర్పే అమ్మాయి ఇచ్చిన బొమ్మల పుస్తకం తెరవరు గానీ, వాడు గొలుసు తెచ్చి కాళ్ళ దగ్గర పడేస్తే మాత్రం లేచి చెప్పులేసుకుంటారు. వాడు పోతే ఈ మనిషి మంచం దిగడు. నాకున్న భయం అదొక్కటే.

అక్క


నా గది, మూడో అంతస్తు,
మార్చి రెండో వారం

అక్కకి,

పళ్ళసెట్టు సంగతి చదివేటప్పుడు అన్నం తింటున్నాను. చాలా సంతోషం.

మీ డాక్టరమ్మ లాంటివాళ్ళని చూస్తే నాకు చీదర. గాజు తలుపులు, గోడల మీద నవ్వే కుక్కపిల్లలు, లోపల అడుగుపెడితే పూల వాసన. పశువుల ఆసుపత్రన్నాక పేడ వాసన రావాలి. కుక్క మూతిని తన మూతితో రుద్దుతూ "మా బంగారానికి ఏమైందండీ" అని ఏడ్చే జనం అక్కడికి చేరతారు. అలాంటివాళ్ళ భయమే వీళ్ళకి తిండి.

ముసలి చిన్న కుక్కలు చాలావాటికి గుండెలో శబ్దం ఉంటుంది. పాత తలుపు కిర్రుమంటుంది. అంతమాత్రాన ఇల్లు కూలినట్టా? మాకు కాలేజీలో చెప్పింది ఒకటే. దగ్గు లేదు, ఆయాసం లేదు, కళ్ళు తిరిగి పడటం లేదు అంటే మందు లేదు. ముందే అన్నీ వాడేస్తే, నిజంగా అవసరం వచ్చిననాడు చేతిలో ఏం మిగులుతుంది? దగ్గు వచ్చాక చూద్దాం. ఆ మాత్రల డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్.

నా అనుభవాన్ని నమ్ముకున్నానన్నావు కాబట్టి చెబుతున్నాను. పంతొమ్మిదేళ్ళలో నేను చేత్తో పట్టుకుని చూసినన్ని గుండెలు ఆవిడ పుస్తకంలో బొమ్మలుగా కూడా చూసి ఉండదు.

ఇక్కడ చెప్పుకోవడానికి ఏముంది? జంతువులు తెల్లారకముందే వరస కడతాయి. ఎండెక్కేసరికి నా పని ఐపోతుంది. ఆ తర్వాత ఎంత సబ్బు రుద్దినా ఒంటి వాసన పోదు. బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే, అదొక సుఖం.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు


లాండ్రీ ఆఫీసు గది,
ఏప్రిల్ మూడో వారం

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక ప్రాణం కుదుటపడింది. డబ్బా బీరువాలో పెట్టేశాను. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి "మా తమ్ముడు వద్దన్నాడమ్మా, వాడూ డాక్టరే" అని మొహం మీదే చెప్పాను. గొడవ పడుతుందనుకున్నాను, పడలేదు. "స్కాన్ చూశారా ఆయన?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. కాగితాలకి నకళ్ళు తీయించి, ఒక అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఇచ్చింది. గుండె పైగది కొలతట అది. ఒకటి పాయింట్ ఆరుకి చేరితే మొదలుపెట్టాలట, మనవాడిది ఒకటి పాయింట్ తొమ్మిది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను, చూసి చెప్పు. నీ చిరునామా కూడా అడిగింది, తనూ ఏదో రాస్తుందట. ఇచ్చాను, ఏమీ అనుకోవుగా?

ఇంకో పని కూడా అప్పగించింది. మందు ఇవ్వకపోతే పోనీ, వాడు నిద్రపోయేటప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో రోజూ లెక్కపెట్టమంది. పొట్ట లేచి పడితే ఒకటి. ముప్ఫై దాటితే ఆలోచించకుండా పరిగెత్తుకు రావాలట.

నాకు తీరిక ఎక్కడిది? మీ బావకి చెప్పాను, చేయరనుకుంటూనే. ఒరేయ్, ఆయన లెక్కపెడుతున్నారురా! మధ్యాహ్నం వాడు నిద్రపోగానే కుర్చీ పక్కకి జరుపుకుని, గోడ గడియారం చూస్తూ, పైకే. "ఒకటి... రెండు... మూడు..." మొదటిరోజు తొమ్మిది దగ్గర నాలుక మడత పడింది. వారంలో ఇరవై దాటారు. నేను గుమ్మం అవతల నిలబడి విన్నాను. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి "పదిహేడు" అంటే ఏడుపొస్తుందని నాకేం తెలుసు. మాటలు నేర్పే అమ్మాయికి చెబితే, "అంకెలు వచ్చాయంటే వాటి వెనకే మాటలూ వస్తాయి, ఆపనివ్వకండి" అంది.

ఇరవై రెండు. అది వాడి లెక్క. బాగానే ఉన్నట్టేగా?

అక్క


నా గది, మూడో అంతస్తు,
మే పదిహేను

అక్కకి,

కాగితాలు చూశాను. కంగారు పడాల్సిందేమీ లేదు. అంకెలకి ఎర్ర సున్నాలు చుట్టడం వాళ్ళ వ్యాపారం.

ఇక్కడ నా ప్రాణానికి కొత్త యముడు దిగాడు. పక్క గదిలో చేరినవాడు సబ్బుకీ నీళ్ళకీ ఆమడ దూరం. కాలి గోళ్ళు నోటితో కొరుక్కుంటాడు. అవి కిటికీలోంచి ఊస్తాడు, నేను ఆరేసిన చొక్కా మీద పడతాయి. దేవుడు మనిషికి ముక్కూ కళ్ళూ ఇచ్చి ఇలాంటివాళ్ళని పక్కన పెట్టడం ఏం న్యాయం?

బావ లెక్క పెడుతున్నందుకు సంతోషం.

తమ్ముడు


లాండ్రీ ఆఫీసు గది,
జూన్ చివరి వారం

తమ్ముడూ,

గోళ్ళ గురించి అయిదు వాక్యాలు, మేనేజరు గురించి మూడు. బాగుందిరా నీ వరస.

పోనీలే. ఇది చదివి వెంటనే రాయి. ఈ నెల మొదట్లో ఇరవై అయిదు. తర్వాత ఇరవై ఎనిమిది. నిన్న మీ బావ రెండుసార్లు లెక్కపెట్టి, రెండుసార్లూ నా వైపు వేళ్ళు చూపిస్తూ, "ముప్ఫై... ఒకటి" అన్నారు. ముప్ఫై దాటింది. దగ్గు మాత్రం లేదు. నువ్వు దగ్గు వచ్చాక అన్నావు. ఆవిడ ముప్ఫై దాటితే అంది. నేను ఎవరి గీత దగ్గర నిలబడాలి?

ఈమధ్య దుప్పట్ల బండి వెనక పరిగెత్తడం లేదు. సగం దూరం వెళ్ళి కూర్చుంటున్నాడు. పదకొండేళ్ళొచ్చాయి, మనకీ మోకాళ్ళు నొప్పులేగా అని సర్దిచెప్పుకుంటున్నాను.

డాక్టరమ్మ దారిలో కనిపించింది. నీకు ఉత్తరం రాసిందట, ఏవో పత్రికల కాగితాలు కూడా జతచేసిందట, జవాబు రాలేదంది. అందిందా నీకు?

నువ్వు ఊఁ అను చాలు, ఇవాళే బీరువా తెరుస్తాను. జీవితంలో మొదటిసారి నీ ఊఁ కోసం ఎదురుచూస్తున్నాను.

అక్క


నా గది, మూడో అంతస్తు,
జూలై మొదటి వారం

అక్కకి,

జూలై వచ్చినా ఎండలు తగ్గలేదు, కుక్కలు వగరుస్తాయి. అది వాటి చెమట. ఇక లెక్క సంగతంటావా, పక్షవాతం వచ్చిన మనిషి చేత ఊపిరి లెక్కపెట్టించి దాన్ని పట్టుకుని గుండె జబ్బు తేలుస్తావా? బావ లెక్క నమ్మకు. ఒకటిని రెండుసార్లు లెక్కపెడుతూ ఉండొచ్చు. కోప్పడకు, ఉన్నమాట అంటున్నాను.

ఆవిడ ఉత్తరమేదీ నాకు అందలేదు.

చల్లగాలి తగిలేచోట పడుకోబెట్టు, తగ్గుతుంది.

తమ్ముడు


లాండ్రీ ఆఫీసు గది,
ఆగస్టు రెండో వారం

తమ్ముడూ,

కిందటి మంగళవారం మధ్యాహ్నం నేను మూటలు విప్పే గదిలో ఉన్నాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని ఉన్నాను, చుట్టూ మురికి దుప్పట్లు. గుమ్మంలో మీ బావ కనిపించారు. రెండేళ్ళలో ఒంటరిగా మెట్లు దిగని మనిషి. కాళ్ళకి చెప్పుల్లేవు. రోడ్డు దాటి, లాండ్రీ వరండా అంతా నడిచి, బాగున్న చేత్తో మేనేజరుని ఛాతీకి అదుముకుని నిలబడ్డారు. వాడి నాలుక నేరేడుపండు రంగులో ఉంది. మూతి చుట్టూ నురగ, ఎర్రగా. మీ బావ చొక్కా నిండా అదే.

"నలభై... నాలుగు" అన్నారు. ఆ తర్వాత "ఊపిరి" అన్నారు.

దుప్పట్ల బండిలోనే వేసుకుని పరిగెత్తాం. డాక్టరమ్మ వాడిని గాజుపెట్టెలో పెట్టి ఆక్సిజన్ వదిలింది, ఊపిరితిత్తుల్లో నిండిన నీరు లాగడానికి సూదులు వేసింది. సాయంత్రానికి నాలుక ఎర్రబడింది. మూడో రోజున ఇంటికి పంపింది. ఇప్పుడు మూడు రకాల మాత్రలు. బీరువాలో తాళం వేసిన డబ్బా అందులో ఒకటి.

బతికాడు, కానీ ఇక పాత మేనేజరు కాడు. ఫిబ్రవరిలోనే మొదలుపెట్టి ఉంటే ఈ మంగళవారం ఏడాదికో ఆ పైనో వచ్చి ఉండేదేమో అంది ఆవిడ. మాట ఇవ్వలేనని కూడా అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని అని నన్ను నేనే అనుకున్నాను.

వచ్చేటప్పుడు ఆవిడ ఒక తపాలా రసీదు చూపించింది. నీకు పంపిన ఉత్తరం మే నెల పదో తారీకున చేరినట్టు, దాని కింద నీ సంతకం. నీ సంతకం నాకు తెలీదా? నీకు బడిలో మార్కుల కాగితం మీద నాన్న సంతకం పెట్టి పంపినదాన్ని నేను.

ఒక్కటే అడుగుతున్నాను. ఎండల గురించీ గోళ్ళ గురించీ రాయకు. ఆ ఉత్తరం చదివావా, లేదా?


నా గది, మూడో అంతస్తు,
ఆగస్టు చివర

అక్కకి,

చదివాను.

మే పదో తారీకున వచ్చింది. మూడుసార్లు చదివాను. నీకు "కంగారు పడాల్సిందేమీ లేదు" అని రాసినప్పుడు అది నా బల్ల మీదే ఉంది. నీ స్కాన్ కాగితాలు అంతకు ముందు తెరవనే లేదు. తెరిచినా నాకు అర్థమయ్యేవి కావు. మేం చదివిన రోజుల్లో ఆ యంత్రాన్ని దూరం నుంచి చూపించారు.

ఆవిడ ఏమీ గొప్పలు పోలేదు. మర్యాదగా రాసింది. మేం చదివినప్పుడు చెప్పింది ఇప్పుడు మారిందట. శబ్దం ఉండి గుండె పెరగని కుక్కలకి ఇప్పటికీ మందు అక్కర్లేదు, ఆ మాట నేను అన్నట్టే. కానీ గుండె పెరిగి, పైకి ఏ బాధా కనిపించని కుక్కలున్నాయి చూడు, వందల కుక్కల మీద పరీక్ష చేసి చూశారు. ఆ దశలో మాత్ర మొదలుపెట్టినవి, పెట్టనివాటి కంటే సగటున ఏడాది పైగా ఎక్కువ కాలం ఆయాసం లేకుండా ఉన్నాయి. అదంతా కాగితాల్లో ఉంది. చివర "మీ అభిప్రాయం వేరైతే దయచేసి రాయండి, నేర్చుకుంటాను" అని రాసింది. ఆ వాక్యం చదివితే ఒళ్ళు మండింది. ఆవిడ నేర్చుకుంటుందట, నా దగ్గర!

నా దగ్గర ఏముందో చెబుతాను. ఇన్నేళ్ళూ చెప్పలేదు. నేను పశువుల ఆసుపత్రిలో లేను. మొదటి మూడేళ్ళు ఉన్నాను. కరిచే కుక్కలు, ఏడ్చే యజమానులు, నా చేతిలో పోయినవి కొన్ని. నా వల్ల కాలేదు. కబేళాకి బదిలీ నేనే అడిగి వేయించుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా అక్కడే. తెల్లారకముందే వరస కట్టేవి వైద్యానికి కాదు. కోసి కొక్కేలకి వేలాడదీసినవాటి గుండె, కాలేయం, ఊపిరితిత్తులు చీల్చి చూస్తాను. పురుగుంటే పారేయిస్తాను, లేకపోతే ముద్ర వేస్తాను. అంతే నా వైద్యం. నీకు గొప్పగా రాశాను కదా, లెక్కలేనన్ని గుండెలు చేత్తో పట్టుకున్నానని. అబద్ధం కాదది. అన్నీ ఆగిపోయినవే.

అమ్మ ఊరందరికీ మా డాక్టరు, మా డాక్టరు అని చెప్పుకుంటూ ఉండేది. మొదట ఆవిడ కోసం చెప్పలేదు. ఆవిడ పోయాక ఇక ఎలా చెప్పాలో తెలియలేదు. నువ్వు ఫిబ్రవరిలో రాసినప్పుడు పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నన్నెవరో బతికున్న జంతువు గురించి అడిగారు. ఆ గొప్ప తలకెక్కింది. మే నెలలో తప్పని తెలిసింది. అప్పుడు ఒక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. మింగలేక కక్కలేక కూర్చున్నాను. జూలైలో నువ్వు ఊఁ అనమన్నావు. అనలేక, బావ మీదికి తోశాను.

నాకు నా మీద రోతగా ఉందక్కా. పక్కవాడి గోళ్ళ మీద కాదు.

తమ్ముడు


లాండ్రీ ఆఫీసు గది,
సెప్టెంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఛీ అన్నాను. పైకే అన్నాను. ఇస్త్రీ చేసే ఆవిడ ఉలిక్కిపడి తననేనేమో అనుకుంది.

కబేళాలో పని చేస్తున్నానంటే నేను ముక్కు మూసుకుంటానని అనుకున్నావా? పదహారేళ్ళుగా నా చేతులు ఎందులో ఉన్నాయో నీకు వివరంగా రాస్తూనే ఉన్నాను కదా. చీమూ నెత్తురూ మలమూత్రాలూ, అన్నీ చూసి చేతులు కడుక్కుని అన్నం తింటున్నాను. పని వాసన సబ్బుతో పోతుంది. జనం తినేదానిలో పురుగు లేకుండా చూసేవాడివి, తలెత్తుకుని చెప్పుకోవాల్సిన పని. అందులో నాకు రోత ఏమీ లేదు.

నాకు రోత ఎక్కడ పుట్టిందో చెబుతాను. "బావ లెక్క నమ్మకు."

నువ్వు రాశావు, నేను నమ్మాను. అందుకే నీ మీద ఎంత అసహ్యమో నా మీదా అంతే. ఆ ఉత్తరం వచ్చిన రోజున ఆయన దగ్గరికి వెళ్ళి, "మీరు తప్పు లెక్కపెడుతున్నారటండీ, తమ్ముడు చెప్పాడు, ఇక వదిలేయండి" అన్నాను. అప్పటికి నలభై దాకా గుక్క తిప్పుకోకుండా చెబుతున్న మనిషి. నా వైపు చూసి నోరు మూసుకున్నారు. అయిదు వారాలు, ఒక్క అంకె లేదు, ఒక్క మాట లేదు. మేనేజరుతో కూడా లేదు. లోపల లెక్కపెట్టుకుంటూనే ఉన్నారని ఆ మంగళవారం దాకా నాకు తెలియదు. పైకి చెబితే ఎవరూ నమ్మరని ఊరుకున్నారు.

ఆ తర్వాత మళ్ళీ మూగే. నలభై నాలుగు, ఊపిరి. ఆ రెండే ఆఖరు. మాటలు నేర్పే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి గోడతో మాట్లాడి వెళ్తోంది.

నాకు క్షమాపణ ఉత్తరాలు రాయకు. నాకు అక్కర్లేదు, చదవను. వచ్చి ఆయన ఎదురుగా నిలబడి, నాకు రాసిందంతా నోటితో చెప్పు. వాడి మందుల వేళలు తర్వాత చెబుతాను, నువ్వు ఆ సమయానికి అడ్డం రాకు.


నా గది, మూడో అంతస్తు,
సెప్టెంబరు చివర

అక్కకి,

ఆదివారం పదకొండు గంటల బండికి వస్తున్నాను. డాక్టరమ్మకి జవాబు రాశాను. నాలుగు నెలలు ఆలస్యంగా. నా అభిప్రాయం వేరు కాదనీ, నాకు అభిప్రాయం ఉండే అర్హతే లేదనీ రాశాను.

బావతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. రైల్లో ఆలోచించుకుంటాను.

తమ్ముడు


లాండ్రీ ఆఫీసు గది,
అక్టోబరు మొదటి వారం

తమ్ముడూ,

ఎంత పిరికివాడివిరా!

వచ్చావు, గుమ్మంలోనే నిలబడ్డావు. కబేళా దగ్గర మొదలుపెట్టి బావ లెక్క దాకా అంతా చెప్పావు, దాచకుండా చెప్పావు, అది ఒప్పుకుంటాను. మేనేజరు వచ్చి నీ బూట్లు వాసన చూసి నాకడం మొదలుపెట్టాడు. అంత ఇష్టంగా వాడు ఎవరినీ నాకలేదు, వాడికి నీ ఉద్యోగం నచ్చింది. అప్పుడు ఆయన నోరు తెరిచారు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు ఉబ్బాయి, "తె... తె..." అన్నారు. నువ్వు తట్టుకోలేకపోయావు. "వద్దు బావా, కష్టపడకు" అని సంచీ పట్టుకుని మెట్లు దిగిపోయావు. నేను వెనక నుంచి పిలిచినా ఆగలేదు.

నువ్వు వీధి మలుపు తిరిగి ఉంటావు, అప్పుడు వచ్చింది మాట. నేను గడియారం చూడలేదు గానీ, నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది. నేను కదల్లేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"తెలీదు... అని... ఒక్క మాట. నాకు... రాదు. నీకు... వచ్చుగా... వెధవా."

రెండేళ్ళలో మొదటిసారి ఇన్ని మాటలు ఒకదాని పక్కన ఒకటి. మర్నాడు మాటలు నేర్పే అమ్మాయికి చెబితే చేతిలో పుస్తకం కింద పడేసింది. "ఇంకా ఏమైనా అన్నారా?" అంది. అన్నారు. అప్పటి నుంచి రోజూ ఒకటి కొత్తది కూర్చుతున్నారు, అన్నీ నీ మీదే. బస్సు నడిపే రోజుల్లో అడ్డమొచ్చినవాళ్ళని అనేవి కొన్ని ఉన్నాయి, అవి నేను రాయలేను, సిగ్గేస్తుంది. మేనేజరుకి వినిపించి సాధన చేస్తున్నారు. వాడు తల పక్కకి వంచి శ్రద్ధగా వింటాడు.

వాడి లెక్క ఇప్పుడు ఇరవై ఆరు. ఎన్నాళ్ళుంటాడని అడిగితే డాక్టరమ్మ చెప్పలేనంది. కొన్ని నెలలు కావచ్చు, ఏడాది కావచ్చు, రేపే కావచ్చు. ఆమెకి తెలీదు. తెలీదని చెప్పింది.

నా కోపం తగ్గలేదు, తగ్గిందని అనుకోకు. నువ్వు గుర్తొస్తే ఇప్పటికీ మొహం తిప్పుకోవాలనిపిస్తుంది. అయినా వచ్చే ఆదివారం రా, ఆపై ఆదివారమూ రా. వాడున్నన్నాళ్ళూ రా. ఈసారి గుమ్మంలో నిలబడకు, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చో. ఆయన తిట్టడం పూర్తయ్యేదాకా లేవకు. చాలాసేపు పడుతుంది.

అక్క